మాయ చెప్పిన మాట

గద్వాల చీర మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నడుమ నూలు, పక్కల పట్టు అంచు. ఆ రెండూ కలిసే చోట ప్రతి పోగునూ ఇంకో పోగులో మెలేసి లాగాలి. ఆ పనిలో జములమ్మ ఇంట్లో చెయ్యి తిరిగినది కోడలు సౌందర్యకే. రాజోలి నుంచి కాపురానికి వచ్చిన రెండో నెలలోనే ఆమె నేసిన అంచును మామ రామచంద్రయ్య వెలుతురుకు ఎత్తి పట్టుకుని, “అతుకేడున్నదో ఎవలన్న దొరకవట్టున్రి సూస్త” అని వాడకట్టంతా తిప్పి చూపించాడు.

ఆ సౌందర్య ఏడాదిన్నరగా మగ్గం గుంటలో దిగలేదు. దిగనియ్యనిది జములమ్మే. మొదటి కాన్పులో ఏడో నెలకే నొప్పులొచ్చి, పుట్టిన ఆడపిల్ల ఒక్క పూట బతికి పోయింది. గుంటలో కాళ్లు వేలాడేసి పొద్దంతా కూర్చుంటే నేల చల్లదనం కడుపుకెక్కిందని జములమ్మ తేల్చింది. ఆ మాట అరుగుల మీద నాలుగుసార్లు నలిగి వాడకట్టు మొత్తానికీ ఖాయమైపోయింది. ఇప్పుడు కొడుకు దినేష్ పక్కన రామచంద్రయ్య కూర్చుంటున్నాడు. కన్ను సరిగా ఆనక అంచు పోగులు తెంపుతున్నాడు. సౌందర్య గోడవారన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది.

ఇప్పుడామెకు మళ్లీ ఆరో నెల.

సోమవారం పొద్దున జములమ్మ జొన్నరొట్టెలు, పల్లీల పచ్చడి గిన్నెలో సర్దింది. దవాఖానలో ఎంతసేపవుతుందో తెలియదు. దినేష్ మగ్గం దిగబోతుంటే ఆపింది.

“నువ్వెందుకురా, నేను తీస్కపోత. పెండ్లోళ్లు శుక్రారం చీరకొస్తమన్నరు.”

“కాయిదాలన్ని తీస్కొని రమ్మన్నది జయశ్రీ సిస్టర్. పోయిన కాన్పుల కర్నూల్ల ఇచ్చినవి గూడ” అన్నాడు దినేష్. గూట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి సౌందర్యకిచ్చాడు.

“ఆ పాతయి ఎందుకు? పోయినదాన్ని మల్ల తవ్వుడెందుకు?” అంది జములమ్మ. అయినా కవరు తానే తీసుకుని సంచిలో అడుగున పెట్టింది.

ఆటోలో కోడలిని లోపలి వైపు కూర్చోబెట్టి, గుంత వచ్చిన ప్రతిసారీ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. మార్చి ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. జములమ్మకు మనసు నిమ్మళంగానే ఉంది. పిల్ల ఒళ్లు చేసింది, ముఖంలో కళ వచ్చింది, మగ్గం జోలికి పోవడం లేదు. ఇంకేం కావాలి?

దవాఖానలో గర్భిణుల రోజు. వరండా పొడుగునా బెంచీల మీద ఆడవాళ్లు. ఒక్కో కడుపు పక్కన ఒక్కో అమ్మో అత్తో. నర్సు జయశ్రీ బరువు చూసింది, బీపీ చూసింది, చిన్న డబ్బా చేతికిచ్చి మూత్రం పట్టుకు రమ్మంది. సౌందర్య వెళ్లి చాలాసేపటికి వచ్చింది. డబ్బాలో అడుగు మాత్రమే నిండింది.

“నీళ్లు తాగుతలేవా సౌందర్యా?” అంది జయశ్రీ డబ్బాను వంచి చూస్తూ.

“తాగుతున్న సిస్టర్” అంది సౌందర్య, నేల చూస్తూ.

పన్నెండు దాటాక డాక్టర్ ధనలక్ష్మి పిలిచింది. నలభై ఏళ్ల మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. కవర్లో కాగితాలు ఒక్కొక్కటే తీసి చూస్తూ, ఒక ఇంగ్లీషు కాగితం దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు చదివింది.

“ఇది మీకెవరైనా చదివి చెప్పారా?”

“లేదు మేడం” అంది సౌందర్య. “రెండు వారాలకు వచ్చి తీస్కపోమన్నరు. మా ఆయన పోయి తెచ్చిండు. తెచ్చినోడు గూట్ల వెట్టిండు.”

“చెప్పించుకోవడానికి మళ్లీ పోలేదా?”

పోయి ఏం లాభం, కాగితం బిడ్డను తెచ్చిస్తదా అని ఆ రోజు అన్నది జములమ్మే.

డాక్టర్ కాగితాన్ని బల్ల మీద పరిచింది. “ఇది మాయను పరీక్ష చేసిన రిపోర్టమ్మా. బిడ్డకు తిండి, గాలి అన్నీ మాయ నుంచే పోతాయి. ఆ మాయకు, బిడ్డ చుట్టూ ఉండే నీటి సంచి పొరలకు వాపు వచ్చిందని రాశారు. చీము పట్టింది. అట్లా వాస్తే కడుపు బిడ్డను నిలుపుకోలేదు. నెలలు నిండకుండానే నొప్పులొస్తాయి.”

“మాయకు వాపా?” జములమ్మ ముందుకు వంగింది. కాళ్లకు వాపు తెలుసు, ముఖానికి వాపు తెలుసు. “గదెందుకొస్తది మేడం?”

“చాలా దార్లున్నాయి. ఎక్కువ మందికి కింది నుంచి పైకి ఎక్కుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి దాన్ని వదిలేస్తే, క్రిములు మెల్లగా లోపలికి పాకుతాయి. ఉమ్మనీరు పోయాక కూడా ఇంట్లోనే ఉండిపోతే ఇంకా తొందరగా పాకుతాయి. కొందరికి రక్తం నుంచి వస్తుంది, మలేరియా లాంటి జ్వరాల వల్ల. కాచని పాల నుంచి, పాడైన తిండి నుంచి కూడా ఒక్కోసారి వస్తుంది. ఏ క్రిమీ లేకుండా ఒళ్లే మాయ మీద తిరగబడిన వాళ్లనూ చూశాను. మీ కోడలి రిపోర్టులో మాత్రం క్రిమి దొరికింది. మూత్రంలో ఉండే రకమే.”

“మగ్గం గుంటల కూసుంటే చల్ల వడుతది గద మేడం? దానికి గాదా?”

“చల్లకు మాయ వాయదమ్మా” అంది డాక్టర్. ఆ మాట ఎంత తేలిగ్గా అందంటే, ఏడాదిన్నరగా ఇల్లంతా మోసిన మాటకు బరువే లేనట్టు ఉంది. తర్వాత సౌందర్య వైపు తిరిగింది. “ఆ కాన్పులో మూత్రం మంట, జ్వరం ఏమైనా వచ్చాయా?”

“ఆరో నెలల వచ్చినయి. గోలీలు ఇచ్చిన్రు.”

“ఎన్ని రోజులకు?”

“ఏడు రోజులకు.”

“ఏడూ వాడావా?”

గోడకున్న ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు తోచింది జములమ్మకు. ఆమెకు ఆ గోలీలు గుర్తున్నాయి. పసుపు రంగువి, పొడుగువి. మూడు రోజులకే పిల్ల అన్నం తినలేక వాంతి చేసుకుంటుంటే, నాలుగో రోజు పొద్దున అట్టను తానే తీసి, రంగునీళ్లు పారబోసే కాలువలో పడేసింది. “జరం తగ్గింది గద, ఇగ చాలు. ఇంత వేడి మందు కడుపుల బిడ్డ ఓరుస్తదా?” అంది. ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదని ఇప్పటికీ ఒట్టు పెట్టగలదు. తర్వాత మూడు వారాలకే నొప్పులొచ్చాయి.

“మూడు రోజులు వాడిన మేడం” అంది సౌందర్య. “వాంతులైతుండె. నేనే మానేసిన.”

జములమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

“చదువుకున్నదానివి కదమ్మా నువ్వు! జ్వరం తగ్గినంత మాత్రాన క్రిమి చచ్చిపోయినట్టేనా? వాంతులైతే వచ్చి చెప్పాలి. మందు మార్చి ఇస్తాం” అంది డాక్టర్. అరవలేదు కానీ గట్టిగానే అంది. “అదొక్కటే కారణమని నేను నూటికి నూరు చెప్పలేను. కానీ చాలావరకు అదే.” కాగితం మీద ఏదో రాసింది. సౌందర్య తల వంచుకుని, పుస్తెల తాడును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ అంతా విన్నది.

ఆ పొద్దున ఇచ్చిన మూత్రంలోనూ చీము కణాలున్నాయి. మంట లేదు, జ్వరం లేదు, అయినా ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు అట్లా చప్పుడు లేకుండా కూడా ఉంటుందట. ఏడు రోజులకు గోలీలు రాసిచ్చి, మూత్రాన్ని ఇంకో పరీక్షకు పంపుతున్నామని, మందు మార్చాల్సి వస్తే జయశ్రీ ఫోన్ చేస్తుందని డాక్టర్ చెప్పింది. గోలీలు అయిపోయాక ఒక వారం ఆగి మళ్లీ రమ్మంది.

“మగ్గం మీద కూసోవచ్చా మేడం?” అడిగింది సౌందర్య, లేచి నిలబడి.

“గంటకోసారి లేచి నడువు. నీళ్లు బాగా తాగు. మూత్రం ఆపుకోకు. నడుము నొచ్చకుంటే నేసుకో.”

*

ఆటోలో జములమ్మ ఈసారి మోకాలి మీద చెయ్యి వెయ్యలేదు. రొట్టెల గిన్నె విప్పనే లేదు. ఇంటికొచ్చాక కోడలు తిన్నదాకా ఎదురుగా కూర్చుని, మొదటి గోలీ తన చేత్తో అందించి, చెంబెడు నీళ్లు తాగించింది. సౌందర్య సగం చెంబు తాగి ఆపింది.

“మొత్తం తాగు పిల్లా.”

“తాగుత అత్తా. కొంచెం ఆగి.”

ఆ కొంచెం ఎందుకో జములమ్మకు మరునాడు అర్థమైంది. పొద్దుటి నుంచి బియ్యం ఏరుతున్నట్టు కూర్చుని కోడలినే చూసింది. సౌందర్య కండెలు చుడుతూ మధ్యలో ఒకసారి పెరటి తలుపు వైపు చూసింది, మళ్లీ రాట్నం తిప్పింది. పది నిమిషాలకు మళ్లీ చూసింది. మరుగుదొడ్డి పెరట్లో చివరన ఉంది. మగ్గం దిగితే చాలు, పెరటి తలుపుకు అడ్డంగా రామచంద్రయ్య చాప వేసుకుని, నూలు చిక్కు తీస్తూ, వచ్చే పోయే వాళ్లతో ముచ్చట పెడుతున్నాడు. రంగులద్దే వాళ్లిద్దరు, పక్కింటాయన, ఎప్పుడూ ముగ్గురు నలుగురు మగవాళ్లు. వాళ్ల మోకాళ్లు దాటుకుంటూ, అందరికీ తెలిసేట్టు పెరట్లోకి పోవాలి. పోయి రావాలి. కోడలు దానికంటే నీళ్లు మానడం తేలికనుకుంది.

జములమ్మ ఆ ఇంట్లో ముప్పై రెండేళ్లుగా ఉంది. తానూ కొత్తలో అట్లాగే ఆపుకునేది. ఏ వయసులో ఆ సిగ్గు పోయిందో, పోయాక దాన్ని ఎట్లా మరిచిపోయిందో ఆమెకే గుర్తులేదు.

చేట పక్కన పెట్టి లేచింది.

“ఇగో, నువ్వు ఈ చాప దీస్కపోయి ముంగటి అరుగు మీద కూసో.”

రామచంద్రయ్య తల ఎత్తాడు. “ఎందుకే? ఈడ గాలాడుతది.”

“ఆడ గూడ ఆడుతది. నీ దోస్తులకు గూడ జెప్పు. పెరట్లకు ఎవలు రావద్దు పగటిపూట.”

“గిప్పుడేమైందని?”

జములమ్మ గొంతు తగ్గించింది. “పిల్ల బయటికి పోవాలంటె మీ అందర్ని దాటాలె. పొద్దంత ఆపుకుంటున్నది. గదే రోగమట.”

రామచంద్రయ్య కాసేపు చిక్కు పడ్డ నూలు వైపే చూశాడు. ఆ తర్వాత చాప చుట్టి చంకన పెట్టుకుని, నూలు బుట్ట ఎత్తుకుని అరుగు మీదికి పోయాడు. రంగులద్దే ఆయన వస్తే, “ఈడికి రా, ఈడనే కూసుందం. ఆడ ఎండ గొడ్తుంది” అన్నాడు. పెరట్లో ఎండేమీ లేదు.

ఆ మధ్యాహ్నం సౌందర్య మూడుసార్లు లేచింది. మూడో సారి తిరిగొచ్చి తానే చెంబు నింపుకుని గటగటా తాగింది. జములమ్మ చూడనట్టు బియ్యంలో రాయి వెతికింది.

*

నాలుగో రోజు పొద్దున వాంతి అయింది.

గోలీ వేసుకున్న కాసేపటికే సౌందర్య పెరట్లోకి పరుగెత్తి, గోడ పట్టుకుని వంగింది. జములమ్మ వెనకాలే పోయి నుదురు పట్టుకుంది. కడిగించి, లోపలికి తెచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. పిల్ల ముఖం నూలు వన్నెకు తిరిగింది.

“అత్తా, ఇగ నావల్ల గాదు” అంది సౌందర్య కళ్లు మూసుకుని. “మూడు రోజులు మింగిన గద.”

గోలీల అట్ట గూట్లో కనిపించేట్టే ఉంది. ఇంకో నాలుగు రోజులవి. ఆ మాటలు, ఆ ముఖం, ఆ గూడు అన్నీ పోయినసారివే. జములమ్మ ఈసారి గూటి వైపు పోలేదు.

కొడుకు ఫోన్ తీసుకుని జయశ్రీకి కలపమంది. “సిస్టర్, కక్కుకుంటున్నది. ఏం జెయ్యాలె? ... ఆఁ... కడుపు నిండ తిన్నంకనా? మేము చాయ్ తాగంగనే ఇస్తున్నం... ఆఁ. మల్ల ఒకటి ఇయ్యాల్నా? ... సరె. వచ్చిందా ఆ పరీక్ష? ఇదే మందు పని జేస్తదా? ... సరె సిస్టర్. లేదు, లేదు. ఆపం.”

ఫోన్ పెట్టి జొన్న గటక కాచింది. చల్లార్చి, మజ్జిగ పోసి, ఉప్పేసి, గిన్నెతో వచ్చి కోడలి ముందు కూర్చుంది. సౌందర్య రెండు గుక్కలు తాగి ఆగింది. ఇంకో రెండు గుక్కలు తాగింది. మగ్గం మీద దినేష్, అరుగు మీద రామచంద్రయ్య. ఇద్దరూ వినేంత దూరంలో లేరు.

“ఆ రోజు గోలీలు నేను వారేసిన” అంది జములమ్మ.

సౌందర్య గిన్నె దించింది.

“నువ్వు మానలేదు. నేను కాల్వల వారేసిన. నాకు ఎర్కనే. మేడం ముంగట నువ్వు నీ మీదేసుకుంటివి. ఆమె నిన్ను తిడుతుంటే నేను బొమ్మ లెక్క కూసున్న.” ఇంకా ఏదో అనబోయి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సౌందర్య గిన్నె అంచును బొటనవేలితో తుడిచింది.

“నాకు గూడ మింగబుద్ధి గాలేదత్తా అప్పుడు. నువ్వు తీస్కపోతె బతికిన అనుకున్న. మల్ల నేనడిగిన్నా, ఏడవెట్టినవని? అడగలే. మేడంతోని అబద్ధమేం జెప్పలే నేను.”

“అయినా పెద్దదాన్ని నేను.”

“గోలీల మీద నాకు కోపం లేదు.” సౌందర్య మొదటిసారి అత్త ముఖంలోకి సూటిగా చూసింది. “ఆ రోజు నీకూ తెల్వదు, నాకూ తెల్వదు. మగ్గం సంగతే నాకు కోపం. చల్ల అన్నవ్. వాడకట్టంత అన్నది. మా అమ్మ గూడ రాజోలి నుంచి ఫోన్ జేసి, ఎందుకు నేసినవ్ బిడ్డా అని ఏడ్సింది. బిడ్డను నా చేతులే తిన్నయన్నట్టు ఏడాదిన్నర ఆ చేతులను ఊకె కూసోవెట్టిన్రు. కండెలు చుట్టుకుంట, మామ తెంపిన పోగులు సూసుకుంట కూసున్న. నన్నొక్కమాట అడిగినావా నువ్వు?”

జములమ్మకు ఆమె ఇంత మాట్లాడగా వినడం అదే మొదలు. గటక గిన్నె ఖాళీ అయ్యాక రెండో గోలీ అందించింది. సౌందర్య మింగింది. ఇద్దరూ గోడకు ఆనుకుని, అది కడుపులో నిలుస్తుందా లేదా అని చాలాసేపు కదలకుండా కూర్చున్నారు. నిలిచింది.

జములమ్మ లేచి మగ్గం దగ్గరికి పోయింది. రామచంద్రయ్య కూర్చునే వైపు పీట మీద ముక్కలైన పోగులు, బీడీ నుసి. పైట చెంగుతో దులిపింది. పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచింది. గుంటలోకి వంగి, తొక్కుడు చెక్కల కింద చీపురుతో ఊడ్చింది.

“ఏం జేస్తున్నవమ్మా?” అన్నాడు దినేష్.

“నువ్వు జర ఆ పక్కకు జరుగు. నీ పెండ్లం కూసుంటది.”

దినేష్ చేతిలో పోగు తోసే నాడె అట్లాగే ఆగింది. తల్లి ముఖం, పెళ్లాం ముఖం మార్చి మార్చి చూసి జరిగాడు.

సౌందర్య గుంట అంచు మీద చెయ్యి ఆన్చి, నెమ్మదిగా కాళ్లు దించింది. వెంటనే నెయ్యలేదు. నూలూ పట్టూ కలిసే గీత మీద వేలి కొస పెట్టి పైకీ కిందికీ రాసింది. రెండు చోట్ల తప్పు మెలికలు కనిపిస్తే విప్పి, మళ్లీ వేసింది. తర్వాత నాడె అందుకుంది. మొదటి పది వరసలు తడబడ్డాయి. పదకొండో వరస నుంచి రెండు నాడెలు ఒకదాని వెనక ఒకటి, మాట్లాడుకుంటున్నట్టు పోయాయి.

*

మగ్గం చప్పుడు మారితే వాడకట్టుకు తెలుస్తుంది. ఆ సాయంత్రమే ఎదురింటి రేణుకమ్మ గడప దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది.

“ఏందక్కా, కోడల్ని మల్ల గుంటల దించినవ్? పోయినసారి సాలలేదా?”

“మగ్గం గాదంట రేణుకా. మేడం కాయిదం జూసి జెప్పింది. చల్లకేం గాదంట. మాయకు వాపొచ్చిందంట.”

“మాయకు వాపా? గదెట్లొస్తది?”

“పురుగట.”

“గా పురుగెట్లొచ్చింది మరి?”

చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది. రేణుకమ్మ కళ్లు ఆత్రంగా ఉన్నాయి. ఈ మాట ఇప్పుడంటే రేపు పొద్దున కల్లా నల్లా దగ్గర, కిరాణం దగ్గర జములమ్మ పేరే నడుస్తుంది. పద్దెనిమిది నెలలు సౌందర్య పేరు నడిచినట్టే.

“ఏమొ. వస్తదట అట్ల” అంది జములమ్మ.

లోపల మగ్గం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నడిచింది.

“దవాఖానోళ్లు గట్లనే అంటరు తియ్యి” అని రేణుకమ్మ వెళ్లిపోయింది. జములమ్మ గడప దగ్గరే నిలబడింది. కొంచెంసేపటికి సౌందర్యే లేచి, నీళ్లు తాగి, పెరట్లోకి పోతూ, “అత్తా, గటక మిగిలిందా? ఆకలైతుంది” అంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే జములమ్మకు ఎక్కువ గుచ్చుకుంది.

గోలీలు పూర్తయ్యాయి. చివరిది మింగాక ఖాళీ అట్టను సౌందర్య నలిపి పారేయబోతే, జములమ్మ తీసుకుని సంచిలో వేసుకుంది. ఎందుకని కోడలు అడగలేదు. పెళ్లివాళ్ల చీర మూడు రోజులు ఆలస్యమైనా, మగ్గం నుంచి కోసిన రోజున రామచంద్రయ్య అంచు పట్టుకుని చూసి, నవ్వి, మడత పెట్టాడు. ఇప్పుడాయన అరుగు మీద చాపకు అలవాటు పడ్డాడు. అక్కడి నుంచి వీధి మొత్తం కనిపిస్తుందట.

*

రెండు వారాల తర్వాత సోమవారం మళ్లీ అదే వరండా, అవే బెంచీలు. జనం ఇంకా ఎక్కువ. ధరూర్ వైపు ఊళ్ల నుంచి రెండు ఆటోల నిండా వచ్చారు. ఈసారి సౌందర్య డబ్బా నింపి తెచ్చింది. జయశ్రీ చూసి కనుబొమలు ఎగరేసింది.

డాక్టర్ ధనలక్ష్మి పరీక్ష కాగితం చదివి తల ఊపింది. “శుభ్రంగా ఉంది. బిడ్డ గుండె కూడా బాగా కొట్టుకుంటోంది. నెలనెలా ఈ పరీక్ష చేయిస్తూనే ఉండాలి, ఇంతటితో అయిపోలేదు. సరేనా?” సౌందర్యను చూసి నవ్వింది. “పోయినసారిలా మధ్యలో మానకుండా వాడావు. మంచి పని చేశావు.”

సౌందర్య నవ్వి లేవబోయింది.

“మేడం” అంది జములమ్మ. కూర్చున్న చోటు నుంచి లేవలేదు. సంచిలోంచి ఖాళీ అట్ట తీసి బల్ల మీద పెట్టింది. “పోయినసారి మానింది ఆమె గాదు. నేను మాన్పించిన. గోలీలు దీసి కాల్వల వడేసిన. వేడి జేస్తయని. ఆమె నన్ను కాపాడనీకి నీకు గట్ల జెప్పింది. కాయిదంల ఆమె పేరు మీద రాసుకున్నవ్ గద, తీసెయ్యి.”

గదిలో ఉన్న జయశ్రీ రాస్తున్న రిజిస్టరు మీంచి తలెత్తింది. సౌందర్య అత్త చెయ్యి పట్టుకుంది.

డాక్టర్ ఆ ఫైలు వెనక్కి తిప్పి, ఒక గీత కొట్టి, పైన రెండు మాటలు రాసింది. “ఎవరు మాన్పించినా క్రిమికి తేడా లేదమ్మా” అంది. “కానీ నువ్వు ఇప్పుడన్న మాట నాకు నెలకొకసారి కూడా వినపడదు. అమ్మాయిలే నెత్తినేసుకుంటారు, నేను వాళ్లనే తిడతాను. మందు ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు.” కలం మూత పెట్టి కాసేపు జములమ్మనే చూసింది. “బయట ముప్పై మంది ఉన్నారు. ప్రతి సోమవారం నేను చెప్తూనే ఉంటాను. తల ఊపి పోతారు. నువ్వు చెప్తావా?”

“నేనా? నాకేమొస్తది మేడం?”

“నాకు చెప్పిందే చెప్పు.”

జములమ్మ కోడలి వైపు చూసింది. సౌందర్య పొమ్మనలేదు, వద్దనలేదు. చెయ్యి మాత్రం వదిలింది.

వరండాలోకి వచ్చి నిలబడింది. రేణుకమ్మ ఒక్కదానికే చెప్పలేకపోయింది తాను. ఇక్కడ అన్నీ కొత్త ముఖాలు. కొందరు పల్లీలు వలుస్తున్నారు, కొందరు కునుకుతున్నారు. జయశ్రీ చప్పట్లు కొట్టి, “జర ఈ అమ్మ మాట ఇనున్రి” అంది. ముఖాలన్నీ తిరిగాయి. జములమ్మ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తెలిసిన చోటే మొదలుపెట్టింది.

“మీల అత్తలెంతమంది? అత్తలు చేతులెత్తున్రి.”

కోడళ్లలో కిసుక్కుమని నవ్వు. ఒక చెయ్యి లేచింది. మెల్లగా ఇంకో ఏడెనిమిది లేచాయి.

“నేను గూడ అత్తనే. నా కోడలికి ఏడు రోజుల గోలీలిస్తే, నేను మూడు రోజులకే వారేసిన. పానం నిమ్మళమైందని. మాయకు వాపొచ్చి బిడ్డ వోయింది. నేను వాడకట్టంతట మగ్గం మీద వెట్టి జెప్పిన. మగ్గం గాదు. నేను.”

నవ్వు ఆగింది. జయశ్రీ అందుకుని నీళ్ల సంగతి, మూత్రం మంట సంగతి, ఉమ్మనీరు పోతే గంట కూడా ఆగొద్దన్న సంగతి చెబుతోంది. జములమ్మ పక్కకు జరిగి గోడకు ఆనుకుంది. లోపల, చాలా రోజుల తర్వాత, తేటగా ఉంది.

బెంచీ చివర నుంచి ఒక ముసలావిడ లేచి ఆమె దగ్గరికి వచ్చింది. ధరూర్ వైపు మనిషి. కాళ్లకు ఇంకా చేను మట్టి ఉంది. కూర్చున్న చోట ఆమె కోడలు, ఇరవై ఏళ్లు కూడా లేని పిల్ల, ఏమీ తెలియనట్టు కిటికీలోంచి చూస్తోంది. ముసలావిడ అటు ఒకసారి చూసి, నడుముకున్న వక్కాకు సంచి ముడి విప్పింది. ఆకుల అడుగు నుంచి కాగితం పొట్లం తీసింది. అందులో సగం వాడిన గోలీల అట్ట ఉంది.

“ఇవి మొన్న శనారం నాడు దాసిపెట్టిన. పిల్లకు తల తిరుగుతుందంటె” అంది గుసగుసగా. “ఇప్పుడియ్యొచ్చా బిడ్డా? ఆలిస్యమైందా?”

జములమ్మ పొట్లంతో సహా ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నాకు తెల్వదక్కా. పా, సిస్టర్ నడుగుదాం. నేను గూడ వస్త.”